బొమ్మ ఆయనది, మాట ఆమెది

“ఆ స్పీకరు మీద చెయ్యి వేశావంటే నీ వేళ్లు నీకు దక్కవు. ముందే చెప్తున్నా. తర్వాత బావ చెప్పలేదనకు.”

“నేనింకా సంచీ కూడా దించలేదు బావా.”

“దించకు. భుజానికే ఉండనీ. ఎక్కొచ్చిన మెట్లు ఎటున్నాయో గుర్తుందిగా?”

బావమరిది సంచీ దించాడు. రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుని బతికే మనిషి. సంచీలో పనిముట్లు గలగలమనే ఉంటాయి గానీ, ఆ గదిలో ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? నిలువెత్తు ప్రొజెక్టర్లు రెండు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. తిరుగుతున్నది ఒక్కటే అయినా, పది కుట్టుమిషన్లు ఒకేసారి తొక్కుతున్నట్టు రొద. మాట్లాడాలంటే చెవి దగ్గరికి వంగాలి, లేదా గొంతు చించుకోవాలి. బావ రెండూ చేయడు. ఆయన మామూలుగా మాట్లాడతాడు, వినేవాడే నానా పాట్లూ పడాలి.

సినిమా హాల్లో బొమ్మ వేసే మనిషిని ఆపరేటరు అంటారు. ఆ పేటలో ఆపరేటరు అంటే ఆయనే. కోపం ఆయన ముక్కు మీద కాపురముంటుందని చెప్పుకుంటారు. వెలుగుకు అడ్డంగా చెయ్యి పెట్టి తెర మీద కుక్క నీడ ఆడించే కుర్రకారంటే కోపం. బొమ్మ మొదలయ్యాక సీట్లు వెతుక్కునే వాళ్లంటే కోపం. మొదలవకముందే వచ్చి కూర్చుని గోలచేసే వాళ్లన్నా కోపమే. జీవితంలో దేన్నీ ‘బాగుంది’ అన్న పాపాన పోలేదు. కూర నోట్లో పెట్టుకుని ‘పరవాలేదు’ అన్న రోజున ఆయన భార్య, బావమరిదికి అక్క, ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి మరీ చెప్పుకునేది.

ఆ అక్క పోయి ఏడాది దాటింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ కూర్చుండిపోయింది, మళ్లీ లేవలేదు. అప్పటినుంచీ బావకు కోపం కూడా తగ్గింది. అదే బావమరిదికి భయంగా ఉంది.

“నన్ను పంపింది మేనేజరు,” అన్నాడు చెవి దగ్గరికి వంగి. “నిన్న మ్యాట్నీలో రీలు అయిపోయి తెర తెల్లబడిపోయిందట. జనం ఈలలు వేశారట. గదిలో స్పీకరు పనిచేసి మాటలు వినపడుతుంటే మీ బావ మెలకువగానన్నా ఉంటాడు, పోయి బాగుచేసిపెట్టు, అన్నాడు.”

“మెలకువగానే ఉన్నా. కళ్లు తెరిచే ఉన్నాయి.”

“మరి?”

“చూడ్డం మానేశాయి. అంతే.”

ఆపరేటరు ఎత్తు స్టూలు మీద కూర్చుని, గోడలోని చిన్న అద్దంలోంచి తెర వైపు చూస్తున్నాడు. చొక్కా బొత్తాం ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు చూస్తే సూది పట్టడం చేతకాని మగవాడి పని అని తెలిసిపోతోంది. పక్కన ఇనుప బల్ల మీద కాగితంలో చుట్టిన బన్ను, కొరికి వదిలేసినది, గట్టిపడిపోయి ఉంది.

“తినలేదేం?”

“క్యాంటీనావిడ పంపింది. డబ్బులొద్దంది. దయ చూపిస్తోంది నా మీద. ఇన్నేళ్లలో చిల్లర సరిగ్గా ఇవ్వని మనిషి బన్ను పంపింది. ఎందుకనుకున్నావు? ఇదిగో, వీడి వల్ల.” గడ్డంతో తెర వైపు చూపించాడు.

బావమరిది రెండో అద్దంలోంచి చూశాడు. తెర మీద మంచు కురుస్తోంది. ఒక ముసలాయన పారతో తన గుమ్మం ముందున్న మంచంతా ఎత్తి పక్కింటి గుమ్మంలో పోస్తున్నాడు. హాలంతా కదిలిపోతోంది. నవ్వుతున్నారు కాబోలు. గదిలోకి ఆ నవ్వు రాదు.

ఎక్కడో మంచు దేశంలో తీసిన సినిమా. మన మాటలు పెట్టి తెచ్చారు. రావాల్సిన కొత్త సినిమా రీళ్లు రాకపోతే, వారం గడిచిపోతే చాలని మేనేజరు చవగ్గా పట్టుకొచ్చి వేశాడు. పోస్టర్లో ఉన్నది ఒక ముసలాడూ ఒక పడవా. ఈగలు తోలుకోవడమే అనుకున్నారు. తీరా చూస్తే మూడోరోజుకే ఆడవాళ్లు పక్కింటి వాళ్లను వెంటేసుకుని రావడం మొదలుపెట్టారు. భార్య పోయాక లోకం మీద అలిగిన ముసలాయన, మేడ మీద గదిలో అద్దెకు దిగి బాకా ఊదుతూ ప్రాణం తీసే ఒక అమ్మాయి, మెల్లగా ఆయన మళ్లీ మనుషుల్లో పడటం, ఇదీ కథ. బావమరిది భార్య రెండుసార్లు చూసి రెండుసార్లూ కళ్లు వాచి ఇంటికొచ్చింది. వచ్చి, “మీ బావను చూసి రాసినట్టుందండీ,” అంది.

ఆ మాట అన్నది ఆవిడ ఒక్కతే కాదు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను వచ్చిన ప్రతివాడితో అంటున్నాడు: “లోపల తెర మీద ఒక ముసలాయన, పైన అద్దం వెనక ఒక ముసలాయన. ఒకే టిక్కెట్టు మీద ఇద్దరు, చూసుకోండి.” ఆట విడిచాక జనం వెళ్తూ వెళ్తూ తలెత్తి పైకి చూస్తున్నారు. నిన్నెవరో పెద్దావిడ చెయ్యి కూడా ఊపింది.

“చెయ్యి ఊపిందిరా. నేనేమన్నా రైలెక్కి పోతున్నానా?”

“అభిమానం బావా.”

“అభిమానమో, ఎండుగడ్డో. వాడికి రెండు గంటల్లో అంతా నయమైపోయింది. సినిమావాడు రీళ్లు లెక్కపెట్టుకుని బాగుపడతాడు. నాకెవడు కొలిచిపెట్టాడు రీళ్లు? ఉండు.”

వేలెత్తాడు. తెర పైమూల, రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్క ఒకటి తళుక్కుమని పోయింది. ఆపరేటరు రెండో మెషీను దగ్గరికి వెళ్లాడు. మోకాలు పట్టేసినట్టుంది, బల్ల పట్టుకుని నడిచాడు. రెండో చుక్క మెరవగానే ఇటు మీట నొక్కి అటు మీట వదిలాడు. కింద కూర్చున్న వాళ్లకు రీలు మారిన సంగతే తెలియదు. ఆ చుక్క కోసం చూసీ చూసీ తన కళ్లు మూలలకే అలవాటు పడిపోయాయని, ఇంట్లో కూడా అక్క మొహం కన్నా అక్క వెనకున్న గోడ మూలే ఎక్కువ చూశానని, ఆయన ఒకసారి అన్నాడు. జోకో కాదో బావమరిదికి అప్పుడూ తెలియలేదు.

అయిపోయిన రీలు విప్పుతుంటే, సందు చూసుకుని బావమరిది స్టూలెక్కాడు. పైకప్పుకు ఆనించి ఉన్న చెక్క పెట్టె స్పీకరు. బూజు దులిపి, వెనక మూత తీశాడు. చూస్తే లోపల అంతా సవ్యంగానే ఉంది. కాలిందీ లేదు, తెగిందీ లేదు. తీగ రెండు కొసలూ మాత్రం మరల్లోంచి విప్పేసి, ఒక్కోదానికీ గుడ్డపీలిక చుట్టి, పైన దారంతో ముడివేసి ఉన్నాయి. మెకానిక్కు చేసే పని కాదది. పచ్చడి జాడీకి వాసెన కట్టినట్టు కట్టారెవరో.

“దిగు,” అన్నాడు ఆపరేటరు వెనక నుంచి. గొంతులో కోపం లేదు.

“బావా, ఇది చెడిపోలేదు.”

“చెడిపోయిందని నేనెప్పుడన్నా?”

“అందరూ అంటున్నారుగా, ఏళ్ల తరబడి!”

“అందరూ అంటారు. ఆ కట్టు కట్టింది మీ అక్క. దిగమంటుంటే, పడతావు.”

బావమరిది దిగి ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. ఆపరేటరు రీలును డబ్బాలో పెట్టి, మూత మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి, నింపాదిగా చెప్పడం మొదలుపెట్టాడు. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, ఆ పూట మాత్రం వదిలేశాడు.

పెళ్లైన కొత్తల్లో ఆయన పొద్దున్న లేచి, తిని, హాలుకు వచ్చి, ఆట అయ్యాక ఇంటికి వెళ్లి పడుకునేవాడు. మాటా మంతీ లేదు. ఉప్పు కావాలన్నా చెయ్యి చూపించేవాడట. అక్కకు ఆ హాల్లోనే బుకింగులో పని ఇచ్చారు. తెరకు పక్కగా ఉన్న ఇరుకు గది, కిటికీ బయటికి, వీపు హాలు గోడకు. టిక్కెట్లు అమ్మడం అయిపోయాక లెక్క కట్టుకుంటూ కూర్చుంటే, గోడ అవతల పెద్ద స్పీకర్లోంచి సినిమా అంతా వినపడేది. మాటలు, పాటలు, తలుపు చప్పుళ్లు, అన్నీ. బొమ్మ మాత్రం ఒక్కటీ కనపడదు. ఒకరోజు పొద్దున్న కూరగాయలు తరుగుతూ, “ఇంతకీ ఆ వంతెన మీద ఆ పిల్లను తోసింది ఎవరండీ?” అని అడిగింది. ఆయన పైగదిలో బొమ్మా చూశాడు, మాటా విన్నాడు. “వాళ్ల చిన్నాన్న,” అని లేచిపోయాడు. ఒక్క మాటతో కథ ఖతం.

“మర్నాడు మధ్యాహ్నం నాకు తిండి ఇవ్వడానికి పైకొచ్చింది. నేను చేతులు కడుక్కోవడానికి కిందికెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇది మూగబోయింది. స్టూలు మీద మీ అక్క కాలి ముద్రలున్నాయి. తడి కాళ్లు.”

“నువ్వేం అనలేదా?”

“అంటే మళ్లీ తగిలించాల్సొస్తుంది కదరా.”

ఆ రోజు నుంచీ బొమ్మ ఆయనది, మాట ఆమెది. పొద్దున్నే టీ గ్లాసులు పెట్టుకుని కూర్చుని సినిమాను అతికేవారు. ఆమె అడిగేది: “దీపం ఆర్పు అంది చూడండి, ఎవరితో అంది?” ఆయన: “ఎర్రకోటు ఆవిడ తలుపు దగ్గర ఆగింది. అప్పుడేమన్నా వినపడిందా?” “ఆగిందా? అక్కడ నాకేం చప్పుడు లేదు. చప్పుడు లేదంటే ఏడ్చుంటుంది.” “ఏడవలేదు. చెప్పు విప్పుకుంది.” “అయితే ఇంకా ఎక్కువ ఏడ్చినట్టు.” ఇలా పన్నెండింటిదాకా. ఉప్పుకు చెయ్యి చూపించిన మనిషి ఆవిడతో కథ మీద కొట్లాడి, అలిగి, మళ్లీ ఆయనే రాజీకి వచ్చేవాడు.

ఒకసారి గూఢచారుల సినిమా వచ్చింది. ఆమెకు ఒక బొంగురు గొంతు వినపడింది, ఆజ్ఞలు జారీచేస్తూ. ఆయనకు గుబురుమీసాలవాడొకడు కనపడ్డాడు, ఎప్పుడూ గుర్రుగా చూస్తూ. ఇద్దరూ కలిసి ఆ గొంతు తీసి ఆ మీసాల్లో పెట్టారు. అసలు సినిమాలో ఆ మీసాలవాడు మూగవాడు. ఆజ్ఞలిచ్చేది కళ్లజోడు పెట్టుకున్న బక్కపల్చటి డాక్టరు. అది తెలియక ఏళ్లకేళ్లు మీసాలవాణ్ణి తిట్టుకున్నారు. గేటు అతని కూతురి పెళ్లిలో ఆ మాటే వస్తే, పెళ్లిభోజనాల దగ్గర అతనితో హోరాహోరీ వాదించారు. సినిమా మళ్లీ వచ్చినప్పుడు గేటు అతను అక్కను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చూపించాడు. బయటికొచ్చి ఆవిడన్నదట: “మీ సినిమా మీరు చూసుకోండి. మాదే బాగుంది.”

బావమరిది నవ్వాడు. ఈ కథ అక్క నోట వినీ వినీ అరిగిపోయినదే. కానీ ఇంతకాలం అదొక తమాషా అనుకున్నాడు. దాని కింద ఒక కాపురం మొత్తం నిలబడి ఉందని ఇవాళే తెలిసింది.

“ఇప్పుడు?” అన్నాడు.

“ఇప్పుడేముంది. రోజూ ఇన్ని బొమ్మలు కళ్లల్లో వేసుకుని ఇంటికి పోతున్నా. మాట వేసేవాళ్లు లేరు. లోపల కుప్పపడి ఉన్నాయి. అలిసిపోయానురా. పని చేసి కాదు.” అద్దంలోకి చూస్తూ అన్నాడు, “వీడితోనే వచ్చింది తంటా. ఆఖరి రీల్లో వీడు నీళ్ల ఒడ్డున నిలబడి, ఎదురుగా ఎవరూ లేకుండా, చాలాసేపు మాట్లాడతాడు. పెళ్లాంతోనే, తెలుస్తూనే ఉంది. ఆ చోట హాల్లో తలలన్నీ ఒక్కసారి వంగుతాయి. రుమాళ్లు బయటికొస్తాయి. వారం నుంచీ చూస్తున్నా. ఏమంటాడో అది?”

“ఎవర్నీ అడగలేదా?”

“అడక్కేం. గేటువాణ్ణి అడిగా. ‘అబ్బ, పిండేస్తాడండీ’ అన్నాడు. క్యాంటీనావిడ ‘అది మాటల్లో చెప్పేది కాదు’ అంది. మాటల్లో అన్నదాన్నే మాటల్లో చెప్పలేకపోతే ఎందుకమ్మా నీకు నోరు, అన్నా. బన్ను పంపింది. మేనేజరు ‘ఒకరోజు కిందికి దిగి చూడరాదా’ అన్నాడు. నేను దిగితే వాళ్ల నాన్నొచ్చి రీలు మారుస్తాడా? ఒక్కరికీ మాట గుర్తులేదు. ఏడ్చినట్టు గుర్తుంది, అంతే. మీ అక్క అయితే ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కూడా చెప్పేది.”

ఆయన ఏదైనా ఒకటి కావాలని అడగడం ఏడాదిలో ఇదే మొదటిసారి. రీళ్లు మర్నాడు పొద్దున్నే వేరే ఊరు వెళ్లిపోతున్నాయి. మిగిలింది ఈ మ్యాట్నీ, సాయంత్రం ఫస్ట్ షో; ఆ హాల్లో సెకండ్ షో వేయరు. అంతే.

“బావా, ఒక పని చేద్దాం. ఆఖరి రీలు ఒక్కదానికి తీగ తగిలిస్తా. విను. అవగానే అక్క కట్టినట్టే మళ్లీ కట్టేస్తా.”

ఆపరేటరు తలెత్తి స్పీకరు వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి కూడా కొంచెం లేచింది. మళ్లీ కిందికి దిగిపోయింది.

“వద్దులే. వింటే వినేస్తాను. వినడం కాదు నాకు కావాల్సింది. ఎవరైనా వచ్చి చెప్పాలి.”

“అయితే నేను చెప్తా. కిందికెళ్లి కూర్చుంటా. మాట పొల్లుపోకుండా పట్టుకొస్తా.”

“నువ్వా? చిన్నప్పుడు నిన్ను అగ్గిపెట్టెకు పంపితే ఉత్త చేతుల్తో వచ్చి, దుకాణంలో జరిగిన కొట్లాట చెప్పేవాడివట. మీ అక్క చెప్పింది.”

“అప్పుడు నాకు ఏడేళ్లు!”

“ఇప్పుడు మటుకు ఎదిగావా? పో, పో. రీలు ఎక్కిస్తున్నా.”

బావమరిది మెట్లు దిగి, పక్క తలుపులోంచి చీకట్లోకి దూరి, చివరి వరసలో ఒక సీటు పట్టుకున్నాడు. పైన నిశ్శబ్దంగా కదిలిన బొమ్మకు ఇక్కడ ఒక్కసారిగా ప్రాణం వచ్చి మీద పడ్డట్టు అనిపించింది. మంచు మీద అడుగుల చప్పుడు, పడవకు నీళ్లు తగిలే చప్పుడు. ముసలాయన ఒడ్డుకు వచ్చాడు. టోపీ తీశాడు. నోరు తెరిచాడు. మొదటి మాట విన్నాడు బావమరిది. విని, గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ముసలాయన చెంప మీద ఒక కండ అదిరింది. పెరట్లో సగం ఆరేసిన చీర, ఆ కింద కూర్చుండిపోయిన అక్క, తను పరుగెత్తుకెళ్లేసరికి ఇంకా చెయ్యి నీళ్ల తడితోనే ఉండటం, అన్నీ వచ్చాయి. పక్కనెవరో ముక్కు చీదారు. తనే చీదాడేమో కూడా. లైట్లు వెలిగాక గానీ సినిమా అయిపోయిందని తెలియలేదు.

జనం తలలెత్తి పైకి చూసుకుంటూ బయటికి పోయారు. బావమరిది మెట్లెక్కాడు. మెషీన్లు ఆగిపోయి ఉన్నాయి. అంత నిశ్శబ్దంలో ఆ గది ఎవరిదో ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. ఆపరేటరు రీలు డబ్బాల ముందు చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ వాడిలా నిలబడి ఉన్నాడు.

“ఊఁ?”

“‘ఇవాళ గాలి లేదు’ అన్నాడు బావా.”

“గాలి లేదు. సరే. తర్వాత?”

“తర్వాత...” బావమరిది చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “తర్వాత అక్క గుర్తొచ్చింది.”

ఆపరేటరు అతని మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాడు బావమరిది. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. కానీ ఆయన మెల్లగా వచ్చి స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని దగ్గరికి వెళ్తే, నవ్వుతున్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి, ఆ సంగతి వేరు.

“అగ్గిపెట్టెకు పంపితే కొట్లాట పట్టుకొచ్చాడు మళ్లీ,” అన్నాడు. “నిన్ను అని ఏం లాభంలే. తప్పు నాది. నిన్ను బొమ్మ ముందు కూర్చోబెట్టా. బొమ్మ చూస్తే మాట జారిపోతుంది. వారం నుంచీ ఇంతమంది జారవిడుచుకున్నది అందుకే. మీ అక్క చూడకుండా వింది కాబట్టి అంత మోసుకు రాగలిగింది.”

“ఇంకో ఆట ఉంది బావా.”

“తెలుసు. ఉంది కాబట్టే నిన్ను కిందికి తోసేయలేదు.” ఆపరేటరు లేచాడు. బల్ల మీది గట్టిపడ్డ బన్ను తీసి, ఒక ముక్క విరిచి, నీళ్లలో ముంచి నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి మింగాడు. “ఆ పాత బుకింగు గదిలో ఇప్పుడెవరూ కూర్చోరు. సోడాసీసాల పెట్టెలు వేశారు. అవి జరిపి, గోడకు వీపు ఆనించి కూర్చో. దీపం వేసుకోకు. ముసలాడు గాలి లేదనగానే నీ ఏడుపు ఆపుకో, తర్వాత కావలసినంత ఏడుద్దువుగాని, నేనూ తోడొస్తా. కథ చెప్పకు నాకు, కథ చూశాను. పిండేశాడనీ చెప్పకు. అక్కడ ఆవిడతో వాడేమన్నాడో, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, అది పట్టుకురా. వచ్చేటప్పుడు మెట్ల మీద ఎవరు పలకరించినా నోరు తెరవకు, ఒలికిపోతుంది. ఊఁ, నడువు, గంట కొట్టేస్తున్నారు.”